హెచ్ అనే ఒత్తు



రేడియోలో నల్లబల్ల ఉండదు కాబట్టి ఒక ఇంగ్లీషు మాటను అక్షరం అక్షరం పలుకుతాను. పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి. ఆర్, హెచ్, వై, ఎన్, సి, హెచ్, ఓ, పి, హెచ్, ఓ, ఆర్, యు, ఎస్. మొత్తం 13 అక్షరాలు. రింకోఫోరస్ అని పలకాలి. ఇదేదో మనకు సంబంధం లేని జీవి పేరు అనుకోకండి. పాలకొల్లు చుట్టుపక్కల కొబ్బరితోట ఉన్న ప్రతి ఇంటికీ దీనితో పరిచయం ఉంది. పిల్ల పురుగు చెట్టు కాండంలోకి తొలుచుకుపోయి లోపలి మెత్తటి భాగమంతా తినేస్తుంది. మొవ్వు వాలిపోయేదాకా బయటివాళ్లకు తెలియదు. మన రైతులు దాన్ని ఎర్ర ముక్కు పురుగు అంటారు. శాస్త్రవేత్తలు పెట్టిన పూర్తి పేరు రింకోఫోరస్ ఫెరుజినియస్.

ఇప్పుడు ఆ మాటను కీళ్ల దగ్గర విడదీద్దాం. గ్రీకులో రింకోస్ అంటే ముట్టె, పొడుగాటి ముక్కు. ఫోరోస్ అంటే మోసేది. లాటిన్‌లో ఫెర్రుమ్ అంటే ఇనుము, ఫెరుజినియస్ అంటే ఇనుప తుప్పు రంగుది. అన్నీ కలిపితే తుప్పు రంగులో ఉండి ముక్కును మోసుకు తిరిగే పురుగు. మన రైతు తన తోటలో నిలబడి పెట్టిన పేరు, యూరప్ పండితుడు తన బల్ల ముందు కూర్చుని పెట్టిన పేరు ఒకటే అయ్యాయి. ఇద్దరూ చూసింది ఆ రంగూ ఆ ముక్కే.

తల్లిదండ్రులు చాలామంది అడిగే మాట ఒకటుంది. మా వాడికి పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు రావడం లేదండి, ఏ పుస్తకం కొనమంటారు, రోజుకు ఎన్ని మాటలు బట్టీ పట్టించమంటారు అని. పిల్లల మీద ఆ బరువు పెట్టకండి అని చెప్పడానికే ఈ వేళ మీ ముందుకు వచ్చాను. పొడుగు మాట చూసి తెలుగు పిల్లవాడు భయపడాల్సిన పని లేదు. సమాసం విడదీయడం, అక్షరాన్ని బట్టి మాట ఎక్కడి నుంచి వచ్చిందో పసిగట్టడం మన చదువులో ఏనాటి నుంచో ఉన్నాయి. పెద్దన గారి మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం చూసిన పద్యాన్ని గుర్తు తెచ్చుకోండి. అందులోని పొడవాటి సమాసాన్ని విడదీసి అర్థం చెప్పగలిగిన పిల్లలకు రింకోఫోరస్ ఏపాటి?

మళ్లీ ఆ మాట దగ్గరికి వెళదాం. అందులో హెచ్ మూడుసార్లు వచ్చింది. ఆర్ పక్కన ఒకటి, సి పక్కన ఒకటి, పి పక్కన ఒకటి. ఇంగ్లీషు చదివే పిల్లల్ని ఏడిపించేది ఈ హెచ్చే. పలుకులో వినపడదు, రాతలో మాత్రం ఉండి తీరాలి. ఎందుకుండాలి అని అడిగితే చాలా బళ్లలో వచ్చే జవాబు, అది అంతే, గుర్తుపెట్టుకో అని. నిజానికి దానికి మంచి కారణం ఉంది. ఆ కారణం తెలుగువాళ్లకు అర్థమైనంత తేలికగా చాలామందికి అర్థం కాదు.

పూర్వపు గ్రీకు భాషలో మనకున్నట్టే ఒత్తక్షరాలు ఉండేవి. ప వేరు, ఫ వేరు. త వేరు, థ వేరు. క వేరు, ఖ వేరు. ఆ ఒత్తు పలికే వాటికి గ్రీకులు ప్రత్యేకంగా మూడు అక్షరాలు పెట్టుకున్నారు: ఫై, థీటా, ఖై. రోమన్లు గ్రీకు మాటలను తమ లాటిన్ లిపిలో రాసుకోవలసి వచ్చినప్పుడు వాళ్ల దగ్గర ఒత్తక్షరాలు లేవు. ఏం చేశారు? పి పక్కన హెచ్ పెట్టి ఫ అన్నారు, టి పక్కన హెచ్ పెట్టి థ అన్నారు, సి పక్కన హెచ్ పెట్టి ఖ అన్నారు. మాట మొదట్లో గ్రీకువారు ఊపిరి ఒత్తి పలికే ర కి కూడా హెచ్ తగిలించారు. మనం ద కింద చిన్న గీత గీసి ధ అంటాం, ప కింద గీసి ఫ అంటాం. వాళ్లు కింద గీయకుండా పక్కన రాశారు. అంతకు మించి తేడా లేదు. తర్వాత శతాబ్దాలు గడిచాయి, పలుకు మారిపోయింది, ఫ కాస్తా పెదవికి పన్ను తగిలించి పలికే ఎఫ్ ధ్వని అయింది, ఖ లో ఒత్తు రాలిపోయి క మిగిలింది. రాత మాత్రం ఆనాటి ఒత్తును అలాగే నిలుపుకుంది.

తెలుగులో ఒత్తక్షరాలు చేసే పని ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఇల్లు, పొలం, చెరువు, నాగలి, కొబ్బరి, గడ్డి, తోట. వీటిలో ఒక్కదాంట్లో కూడా ఖ గాని, ఘ గాని, ధ గాని, భ గాని లేవు. ధాన్యం, ఫలం, మేఘం, భూమి, సుఖం. ఇవి సంస్కృతం నుంచి వచ్చాయని అక్షరాలే చెప్పేస్తున్నాయి. చిన్నయసూరి గారు బాలవ్యాకరణం మొదలుపెట్టడమే ఈ లెక్కతో మొదలుపెట్టారు. సంస్కృతానికి 50 వర్ణాలు, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 అన్నారు. ఆ 36లో ఒత్తక్షరాలు లేవు. అవి కనిపిస్తే మాట సాధారణంగా సంస్కృతం ఇంటిది. ఇంగ్లీషులో పి హెచ్ కలిసి ఎఫ్ పలికినా, సి హెచ్ కలిసి క పలికినా, ఆర్ పక్కన హెచ్ నిలిచినా, మాట మొదట్లో పి ఎస్ వచ్చి పి మూగబోయినా, మాట నడుమ ఐ ఉండాల్సిన చోట వై ఉన్నా, ఆ మాట చాలావరకు గ్రీకు ఇంటిది. సంస్కృతం మనకు ఏ పని చేసిందో గ్రీకు, లాటిన్ ఇంగ్లీషుకు ఆ పని చేశాయి. పెద్ద విషయం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా వాళ్లు అక్కడి నుంచి ముక్కలు తెచ్చి అతికించుకున్నారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. షెపర్డ్ అనే మాటలోనూ పి పక్కన హెచ్ ఉంది. గొర్రెలకాపరి అని అర్థం. అది గ్రీకు కాదు. షీప్ అంటే గొర్రె, హెర్డ్ అంటే కాపరి. పి తో ఒక ముక్క అయిపోయింది, హెచ్ తో ఇంకో ముక్క మొదలైంది. కీలు ఎక్కడుందో చూసుకోకుండా అక్షరాన్ని పట్టుకుంటే దారి తప్పుతాం. సంధి ఎక్కడ జరిగిందో చూడమని తెలుగు మాస్టార్లు చెప్పేది కూడా అదే కదండీ.

ఈ చూపు అలవాటైతే ఊళ్లో బోర్డులన్నీ పాఠాలైపోతాయి. కంటి డాక్టరు గారి బోర్డు మీద ఆఫ్తల్మాలజిస్ట్ అని ఉంటుంది. 15 అక్షరాలు. ఓ, పి, హెచ్, టి, హెచ్ అని మొదలవుతుంది. చదువుకున్నవాళ్లు కూడా మొదటి హెచ్ వదిలేసి రాస్తుంటారు. గ్రీకులో ఆఫ్తల్మోస్ అంటే కన్ను, అందులో ఫ, థ రెండూ ఒత్తక్షరాలే అని తెలిసిన పిల్లవాడు ఆ తప్పు ఇక చేయడు. ఈఎన్‌టీ డాక్టరు గారి అసలు పేరు ఒటోరైనోలారింగాలజిస్ట్. 21 అక్షరాలు. ఒటో చెవి, రైనో ముక్కు, లారింగో గొంతు. మిగిలింది ఆ శాస్త్రం చదివినవాడు అనే తోక. ఈ రైనో దగ్గర ఆగండి. ఖడ్గమృగాన్ని రైనోసెరాస్ అంటారు, ముక్కు మీద కొమ్ము ఉన్నది అని. మన కొబ్బరికి ఎర్ర ముక్కు పురుగుతో పాటు ఇంకో శత్రువు ఉంది కదా, కొమ్ము పురుగు. దాని శాస్త్రీయ నామం ఒరిక్టెస్ రైనోసెరాస్. డాక్టరు గారి బోర్డు, అడవిలో ఖడ్గమృగం, మన చెట్టు మొవ్వులో పురుగు, మూడూ ఆర్ హెచ్ తో మొదలయ్యే ఒక్క ముక్క దగ్గర కలుస్తున్నాయి. ఒక్క ముక్క నేర్చుకుంటే మూడు మాటలు వచ్చాయి. నాలుగోది మీరే వెతుక్కుంటారు.

అదే ఆర్ హెచ్ మాట మధ్యలోకి వస్తే ముందు ఇంకో ఆర్ చేరి రెట్టిస్తుంది. డయేరియా రాసేటప్పుడు రెండు ఆర్‌లు, ఒక హెచ్ ఎందుకని పిల్లలు తల పట్టుకుంటారు. డయా అంటే గుండా, రోయియా అంటే ప్రవాహం. మధ్యలో ర ద్విత్వమైంది. లోగోస్ అంటే మాట. దానికి ఈ ప్రవాహాన్ని కలిపితే లోగోరియా, ఆగకుండా మాట్లాడే జబ్బు. 1999లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ పోటీలో నూపుర్ లాలా అనే భారతీయ సంతతి అమ్మాయి గెలిచింది ఈ మాటతోనే.

ఆ పోటీ గురించి వివరంగా చెబుతాను. ముందు రొయ్యల చెరువు గట్టు మీదకు వెళ్లి వద్దాం. ఎందుకంటే మన దేశంలో పొడవాటి గ్రీకు మాటలు రోజూ నలిగే చోటు మెడికల్ కాలేజీ ఒక్కటే కాదు, పాలకొల్లు, భీమవరం, నరసాపురం చెరువు గట్లు కూడా.

మన రైతులు వనామీ అంటారు. మన దేశంలో దాని సాగుకు 2009లో అనుమతి వచ్చింది. తెలుగు మాటలా చక్కగా ఒదిగిపోయింది గాని అది ఒక మనిషి పేరు. వ్యాన్ నేమ్ అనే అమెరికన్ జంతుశాస్త్రజ్ఞుడి గౌరవార్థం ఆ రొయ్యకు వన్నమై అని పేరు పెట్టారు. ఇప్పుడు ఈహెచ్‌పీ అనే మాట వింటే రైతు గుండె ఝల్లుమంటుంది. రొయ్య చావదు, అలాగని పెరగదు. మేత ఖర్చు మాత్రం పెరిగిపోతుంది. ఆ మూడు అక్షరాల వెనక ఉన్న పేరు ఎంటెరోసైటోజూన్ హెపటోపెనియై. మొదటి మాట 14 అక్షరాలు, రెండోది 12. ఎంటెరో పేగు, సైటో కణం, జూన్ ప్రాణి, హెపటో కాలేయం, పెనియై అంటే పెనియస్ జాతి రొయ్యది. అంటే రొయ్య కాలేయంలో కణాల లోపల చేరి బతికే సూక్ష్మజీవి. ఆ జబ్బు ఎక్కడ పడుతుందో పేరులోనే ఉంది. ల్యాబు వాళ్లు హెపటోపాంక్రియాస్ చూడండి అంటారు, రైతు లివరు అంటాడు. హెపటో కాలేయం, పాన్ అంతా, క్రియాస్ మాంసం. మనలో రెండుగా ఉన్న కాలేయం, క్లోమం చేసే పనులను రొయ్యలో ఆ ఒక్క గ్రంథే చేస్తుంది కాబట్టి రెండు పేర్లూ కలిపేశారు. పరీక్ష రిపోర్టు చేతిలో పెట్టుకుని ఇదేమిటో తెలియక, దుకాణంలో ఏ మందు ఇస్తే అది కొనుక్కుని వచ్చే రైతు కష్టం ఈ ప్రాంతంలో ఎవరికి తెలియదు? ఇంట్లో పదో తరగతి పిల్ల ఉండి, ఆ రిపోర్టులోని మాటను నాలుగు ముక్కలుగా విరిచి నాన్నకు చెప్పగలిగితే, ఆ చదువుకు అంతకన్నా మంచి పరీక్ష లేదని నేను నమ్ముతాను.

ఇక స్పెల్లింగ్ పోటీ. అమెరికాలో 1925లో మొదలైంది. మొదటి ఏడు గెలిపించిన మాట గ్లాడియోలస్ అనే పువ్వు పేరు. 1985లో బాలు నటరాజన్ గెలవడంతో మన దేశ సంతతి పిల్లల గెలుపులు మొదలయ్యాయి. 1999 తర్వాత అది వరదైంది. అందులో తెలుగింటి పిల్లల పేర్లు చాలా కనిపిస్తాయి. 2003లో సాయి గుంటూరి, 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి, 2016లో ఉమ్మడి విజేతగా నిహార్ జంగా, 2024లో బృహత్ సోమ. దీని వెనక ఒక సంస్థ కృషి ఉంది. చిట్టూరి రత్నం గారు 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్. మన దేశంలో పేద పిల్లలకు చదువు సాయం చేయడానికి పుట్టిన ఆ సంస్థ అక్కడి పిల్లలకు స్పెల్లింగ్ పోటీలు నడపడం మొదలుపెట్టింది. జాతీయ పోటీకి వెళ్లేవాళ్లలో చాలామంది అక్కడ రాటుదేలినవాళ్లే.

ఆ పోటీలో పిల్లవాడి చేతిలో కాగితం ఉండదు. చెవితో విని నోటితో చెప్పాలి, ఇప్పుడు మనం రేడియోలో చేస్తున్నట్టే. విన్న వెంటనే అక్షరాలు చెప్పేయరు. అర్థం అడుగుతారు, వాక్యంలో వాడి చూపమంటారు, అన్నిటికన్నా ముఖ్యంగా ఏ భాష నుంచి వచ్చింది అని అడుగుతారు. ఆ జవాబుతో సగం అక్షరాలు తేలిపోతాయి. 2023లో గెలిపించిన మాట సామోఫైల్. గ్రీకు అనగానే, స తో వినిపించినా ముందు మూగ పి ఉండొచ్చు, ఫ దగ్గర పి హెచ్ ఉంటుంది అని పిల్లవాడు లెక్క కడతాడు. సామోస్ ఇసుక, ఫిలోస్ ఇష్టపడేది. ఇసుక నేలను ఇష్టపడే మొక్క గాని, జీవి గాని. మన అంతర్వేది, పేరుపాలెం తీరాల్లో ఇసుక మీద పాకే తీగలన్నీ సామోఫైల్సే.

భాష మారితే లెక్క మారుతుంది. నిహార్ జంగాకు వచ్చిన మాట గెసెల్‌షాఫ్ట్, జర్మన్. అందుకని ష దగ్గర ఎస్, సి, హెచ్ మూడూ రావాలి. స్నిగ్ధకు వచ్చిన గెటాపాన్ ఫ్రెంచిది. పొంచి ఉండి దెబ్బ తీయడం అని అర్థం. చివర ఎన్ తర్వాత ఎస్ ఉన్నా ఫ్రెంచివారు పలకరు. అరవింద్ మహంకాళిది నాకు చాలా ఇష్టమైన కథ. 2011లోనూ, 2012లోనూ మూడో స్థానంలో ఆగిపోయాడు. రెండుసార్లూ పడగొట్టినవి జర్మన్ మూలం ఉన్న మాటలే. ఆ పిల్లవాడు జర్మన్‌ను వదిలేసి మిగతావి చూసుకోలేదు, దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. 2013లో ఆఖరి మాటగా వచ్చింది క్నైడెల్. యూదుల యిడ్డిష్ భాషది, జర్మన్ కుటుంబంలోనిది. ముందు కె, తర్వాత ఎన్, రెండూ పెట్టి చెప్పాడు. గెలిచాడు.

2021లో గెలిచిన అమ్మాయి జైలా అవాంట్ గార్డ్, ఆఫ్రికన్ అమెరికన్. ఆమె చెప్పిన ఆఖరి మాట ముర్రయా. అది మన పెరట్లో ఉన్న చెట్టే. కరివేపాకును వృక్షశాస్త్రంలో ముర్రయా కోనిగై అంటారు. ముర్రే అనే పండితుడి పేరు ప్రజాతికి, కోనిగ్ అనే ఆయన పేరు జాతికి పెట్టారు. ఈ కోనిగ్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ శిష్యుడు, దక్షిణ భారతంలో మొక్కలు సేకరిస్తూ జీవితం గడిపి 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన దారిలోనే నడిచిన రాక్స్‌బర్గ్ అప్పట్లో సామర్లకోటలో ఉండి కోరమండల్ తీరపు మొక్కలను పుస్తకాలకెక్కించాడు. పోపులో కరివేపాకు వేసేటప్పుడు, గోదావరి జిల్లాలో ప్రాణం విడిచిన ఒక విదేశీ శాస్త్రవేత్త పేరు ఆ ఆకుకు ఉందని పిల్లలకు చెప్పండి. ఆ చెట్టు పేరు వాళ్లకు జన్మలో మరుపు రాదు.

అక్షరాలతో ఆడుకోవడం మరో సంగతి. పూర్వం టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి లోయర్, హయ్యర్ పాసైనవాళ్లందరికీ ఒక వాక్యం వేళ్లకు అంటుకుని ఉంటుంది. ద క్విక్ బ్రౌన్ ఫాక్స్ జంప్స్ ఓవర్ ద లేజీ డాగ్. ఇంగ్లీషు 26 అక్షరాలూ వచ్చేలా కట్టిన వాక్యం, మొత్తం 35 అక్షరాలు. కొందరు జంప్స్ బదులు జంప్డ్ అని కొడతారు. అప్పుడు ఎస్ అనే అక్షరం వాక్యంలో ఎక్కడా ఉండదు, కట్టడం కూలిపోతుంది. టైపు మిషను పై వరసలోని అక్షరాలతోనే టైప్‌రైటర్ అనే మాట వస్తుంది. ప్రొప్రయిటర్, రెపర్ట్వార్, పర్పెట్యుటీ కూడా. పర్పెట్యుటీ అంటే శాశ్వతత్వం, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 14వ సెక్షన్లో ఉన్న మాట. ఒకే అక్షరం రెండోసారి రాకుండా 15 అక్షరాలున్న మాట డెర్మటోగ్లిఫిక్స్. చర్మం మీది గీతలను, వేలిముద్రలను చదివే శాస్త్రం. రిజిస్ట్రారు ఆఫీసులో మన చేత వేలిముద్ర వేయించుకున్నప్పుడల్లా ఆ శాస్త్రం మీద నమ్మకంతోనే వేయించుకుంటారు. ఎ, ఇ, ఐ, ఓ, యు అనే అచ్చులు అయిదూ వరసగా వచ్చే మాటలు ఫెసీషియస్, ఆబ్‌స్టీమియస్. రెండోదానికి అర్థం తిండి విషయంలో నిగ్రహం ఉన్నవాడు.

ఇలా అక్షరాలకు నియమం పెట్టుకుని రాయడంలో మనకు పాఠం చెప్పగలిగినవాళ్లు లోకంలో తక్కువ. ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ అనే ఆయన 1939లో గాడ్స్‌బీ అనే నవల అచ్చు వేశాడు. 50,000 పైచిలుకు మాటలు, ఒక్క ఇ అక్షరం లేకుండా. పొరపాటున పడకుండా టైపు మిషనులో ఆ మీటను కట్టేసుకున్నాడు. గొప్ప దీక్షే. అంతకు సుమారు 1,200 సంవత్సరాల ముందే దండి దశకుమారచరిత్రలో మంత్రగుప్తుడి చేత ఒక ఉచ్ఛ్వాసమంతా, అంటే ఒక అధ్యాయమంతా, పెదవులు కలిసే అక్షరాలు లేకుండా చెప్పించాడు. పెదవి నొప్పి పుట్టి కలవడం లేదని కథలోనే కారణం పెట్టాడు. తెలుగులో మరింగంటి సింగరాచార్యులు ఏకంగా రామకథనే నిరోష్ఠ్యంగా రాశారు. ప, బ, మ లాంటివి రాకూడదు. రాముడి కథ చెప్పాలి, రామ అనకూడదు. ఆ కావ్యం పేరు చూడండి: దశరథరాజనందన చరిత్ర. ఎన్నిసార్లు పలికినా పెదవులు తగలవు. పేరు పెట్టడంలోనే నియమం నెగ్గించుకున్నారు.

ఇంక అవధానంలో నిషిద్ధాక్షరి ఉండనే ఉంది. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏది రాబోతోందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం ఉండాలంటారు. దత్తపదిలో నాలుగు మాటలిచ్చి ఇవి వచ్చేలా పద్యం చెప్పమంటారు. ఆ మాటలు ఇంగ్లీషువైనా సరే, అవధాని వాటిని విరిచి తెలుగు సంధుల్లో ఇమిడ్చేస్తాడు. ఈ విద్యను ఊరూరా సభలకెక్కించిన తిరుపతి వెంకట కవులు మనవాళ్లు. తిరుపతి శాస్త్రి గారు 1872లో భీమవరం దగ్గర యండగండిలో పుట్టారు, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు 1870లో కడియంలో పుట్టారు. నిషిద్ధాక్షరి చూస్తూ పెరిగిన నేల మీద పిల్లలకు ఇంగ్లీషు అక్షరాలు భయం పుట్టించడం నాకు బాధ కలిగిస్తుంది.

పిల్లలు అన్నిటికన్నా పొడుగు మాట ఏది మాస్టారూ అని అడుగుతారు. నిఘంటువుల్లోకెక్కిన వాటిలో 45 అక్షరాలది ఒకటుంది. న్యూమోనో అల్ట్రా మైక్రోస్కోపిక్ సిలికో వాల్కనో కోనియోసిస్. అగ్నిపర్వతపు సన్నటి సిలికా ధూళి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అని అర్థం. 1935లో అమెరికాలోని ప్రహేళికల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ కావాలని పొడుగ్గా కట్టిన మాట అది. ఏ డాక్టరూ చీటీలో రాయడు. దాన్ని సభలో అప్పజెప్పించి చప్పట్లు కొట్టించడం నాకు నచ్చదు. 28 అక్షరాల యాంటీ డిస్ ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం మాత్రం చరిత్ర ఉన్న మాట. చర్చికి ప్రభుత్వ పీఠం తీసేయకూడదని 19వ శతాబ్దపు బ్రిటన్‌లో కొందరు పట్టుబట్టారు. వాళ్ల వాదానికి అది పేరు. ఎస్టాబ్లిష్ అంటే స్థాపించు, ముందు డిస్ చేరితే తొలగించు, దానికి ముందు యాంటీ చేరితే తొలగించడాన్ని వ్యతిరేకించు. 29 అక్షరాల ఫ్లోక్సినాసినిహిలిపిలిఫికేషన్ కూడా నేర్పవచ్చు. ఐ తొమ్మిదిసార్లు వస్తుంది, ఇ ఒక్కసారీ రాదు. లాటిన్‌లో ఉన్నిపోగు, పనికిరానిది, శూన్యం, వెంట్రుక అనే అర్థాలున్న నాలుగు మాటలను వరసగా గుచ్చారు. పూచికపుల్ల కింద తీసిపారేయడం అని భావం.

ఇవన్నీ పరదేశపు మాటలు. మన ఊరి పక్క నుంచి వెళ్లి ఇంగ్లీషు నిఘంటువులో కూర్చున్నది కూడా ఉంది. మడపొల్లం. ఎం, ఎ, డి, ఎ, పి, ఓ, ఎల్, ఎల్, ఎ, ఎం. పది అక్షరాలు. అర్థం సన్నటి నేత, చలువ చేసిన మెత్తటి నూలు గుడ్డ. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం అనే ఊరి పేరే అలా మారింది. ఈస్టిండియా కంపెనీకి అక్కడ గిడ్డంగి ఉండేది, మన పాలకొల్లులో డచ్చివారికి ఉండేది. 17వ శతాబ్దంలో ఈ చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గుడ్డ కోసం ఓడలు వచ్చి ఆగేవి. బేళ్లతో పాటు ఊరి పేరూ ఓడెక్కింది. యూల్, బర్నెల్ దొరలు 1886లో అచ్చు వేసిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో ఈ మాటకు పద్దు ఉంది. ఫ్రెంచిలో, స్పానిష్‌లో ఒక్క ఎల్‌తో మడపొలాం, మడపొలాన్ అని ఇప్పటికీ ఉంది. నేసిన చేతుల పేర్లు ఎక్కడా మిగల్లేదు, ఊరి పేరు మూడు భాషల్లో మిగిలింది. పంట కొరికే పందికొక్కు కూడా ఇంగ్లీషులో బాండికూట్ అయి కూర్చుంది. ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు కూడా ఆ పేరే పెట్టేశారు. మన ప మాటకు బి వేశారు, క్కు చివర టి తగిలించారు.

పిల్లలున్న ఇళ్లలో ఒక పని చేయండి. గోడకు ఒక కాగితం అంటించి అందులో పెద్ద మాటలు రాయకండి, ముక్కలు రాయండి. రైనో ముక్కు, హెపటో కాలేయం, హీమో రక్తం, సైటో కణం, ఫోరస్ మోసేది, ఫైల్ ఇష్టపడేది. ఎరువు సంచి మీద, మందు సీసా మీద, రిపోర్టు మీద కొత్త మాట కనిపించిన రోజున అందులో ఏ ముక్క ఈ కాగితం మీద ఉందో వాళ్లనే వెతకమనండి. లేని ముక్క దొరికితే వాళ్ల చేతే రాయించండి.

మొదటి మాట నేనే ఇస్తాను. కడియం నర్సరీలకు వెళ్లినప్పుడు అక్కడ కుండీల్లో ఉంటుంది. సి, హెచ్, ఆర్, వై, ఎస్, ఎ, ఎన్, టి, హెచ్, ఇ, ఎం, యు, ఎం. క్రిసాంతిమం, 13 అక్షరాలు. మన చామంతి. ఇందులో ఒత్తులు రెండున్నాయి, గ్రీకు వై ఒకటుంది. క్రైసోస్ అంటే బంగారం. మిగతా సగానికి అర్థం ఏమై ఉంటుందో, కుండీ ముందు నిలబెట్టి పిల్లల్నే చెప్పమనండి.